లెక్కలోకి రాని సైకిల్

అబిడ్స్ పోస్టాఫీసు ఎదుట ఫుట్‌పాత్ మీద అనురాధ ఉదయం ఎనిమిదింటి నుంచి నిలబడి ఉంది. మెడలో ఐడీ కార్డు, చేతిలో అట్ట, దానికి బిగించిన కాగితం. నాంపల్లి వైపు నుంచి వచ్చే సైకిళ్లను లెక్కపెట్టడం ఆమె పని. పనులకు సైకిల్ మీద పోయేవాళ్ల కోసం ఆ రోడ్డులో వేరే దారి వేయాలని సర్కారు ఆలోచన. అసలు తొక్కేవాళ్లు ఎందరున్నారో తేల్చే పని ఒక కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీలో చేరి అనురాధకు ఇంకా నెల నిండలేదు. సైకిల్ కనబడితే ఒక గీత. అదే మనిషి మళ్లీ వస్తే మళ్లీ గీత.

పక్కన సిద్ధార్థ్ స్కూటర్లు, మోటారు సైకిళ్లు లెక్కపెడుతున్నాడు. లక్డీకాపూల్‌లో వాళ్ల నాన్నకు హోటల్ ఉంది. అతను అడిగినప్పుడు తన తండ్రికీ ఏదో బిజినెస్ ఉందనే చెప్పింది అనురాధ.

తొమ్మిది దాటాక ఆ తండ్రి రానే వచ్చాడు. దుర్గయ్య సుల్తాన్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో మూటలు మోస్తాడు. రోజూ మల్లేపల్లి నుంచి ఆ దారినే పోతాడు. పోయినేడు ఆటో తగిలి చెయ్యి విరిగినప్పటి నుంచి సైకిళ్లకు వేరే దారి పడాలని ఆయనకు ఒకటే ఆశ. పైకి మడిచిన ప్యాంటు, హ్యాండిల్‌కు వేలాడే సద్ది సంచి. కూతుర్ని చూడగానే ముఖం చాటంత చేసుకుని చెయ్యి ఊపాడు.

"అనురాధా, ఆ అంకుల్ నీకే చెయ్యి ఊపుతుండు. తెలిసినాయనా?" అన్నాడు సిద్ధార్థ్.

"నాకా? ఎవరో ఏమో" అంది. తల వంచుకుంది. పెన్సిలు కదల్లేదు.

కాసేపటికి దుర్గయ్య మళ్లీ వచ్చాడు. మళ్లీ చెయ్యి ఊపాడు. మూడోసారి వచ్చేసరికి సిద్ధార్థ్ పకపకా నవ్వాడు.

"ఏంది యార్, ఈయనకు దిమాక్ కరాబైనట్టుంది!"

నవ్వకపోతే అనుమానం వస్తుందేమోనని అనురాధ కూడా నవ్వింది.

సాయంత్రం దుర్గయ్య వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ కూతుర్ని పిలిచాడు.

"మూడు గీతలు పెట్టినవా బిడ్డా? మొజంజాహీ మార్కెట్ మీదికెల్లి తిరిగి తిరిగి వచ్చిన. సైకిళ్లు ఎక్కువుంటెనే తొవ్వ ఏస్తరంటివి గద! లేటైందని సేటు కోపం చేసిండు. చేస్తే చెయ్యనీ. నువ్వు నన్ను జూసి నవ్వినవ్ జూడు, కడుపు నిండింది."

అనురాధకు నేల చీలితే బాగుండుననిపించింది.

"పెట్టలే బాపు."

ఆయన చేతిలో చెంబు ఆగింది. "మందిల కనిపియ్యలేదేమో."

ఔనంటే ఆ మాటతో అయిపోయేది. అనడానికి నోరు తెరిచింది కూడా.

"కనిపించినవ్. మూడు సార్లూ కనిపించినవ్. పక్కన సిద్ధార్థ్ ఉండె. నువ్వెవరని అడిగితే... ఎవరో ఏమో అన్న."

దుర్గయ్య కాళ్ల మీద మిగిలిన నీళ్లు పోసుకున్నాడు. తువ్వాలుతో మెల్లగా తుడుచుకున్నాడు. మరి ఎందుకు నవ్వావని ఆయన అడగలేదు.

"కొత్త నౌకరీ. ఫికర్ చేయకు తియ్" అని లోపలికి పోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు అనురాధ లేచేసరికే ఆయన వెళ్లిపోయాడు. అబిడ్స్ చేరగానే ఆమె సిద్ధార్థ్‌కు చెప్పేసింది.

"నిన్న మూడు సార్లు వచ్చినాయన మా బాపు. మాకు బిజినెస్ గిజినెస్ ఏం లేదు."

సిద్ధార్థ్ ముఖం మాడిపోయింది. "సారీ, నాకు తెల్వదు..."

"నీకు తెల్వదు. నాకు తెలుసు గద" అంది.

పది దాటినా దుర్గయ్య జాడ లేదు. ఉండబట్టలేక ఫోన్ చేసింది.

"దుకాణంలనే ఉన్న బిడ్డా. గల్లీలల్లకెల్లి వచ్చిన. నువ్వు పనిల ఉంటవ్, నేనెందుకు అడ్డమని."

"రేపు ఇటే రా బాపు. జర నా మాట విను."

అవతల సేటు కేక వినిపించింది.

"సూద్దాం తియ్ బిడ్డా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

అనురాధ ఫోన్ సంచిలో వేసుకుంది. సిద్ధార్థ్ వైపు చూడలేక నాంపల్లి రోడ్డు వైపు తిరిగి నిలబడింది.