పూజకు ముందు తెంపిన ఉసిరి

కార్తీక సోమవారం పొద్దున మా అమ్మ హైమవతి గడప ముందు ఉసిరికాయ దీపాలు వెలిగించి, ఫొటో తీసి, 'అడవి ఉసిరి' అని స్టేటస్ పెట్టింది. చూడగానే అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"యాడియమ్మా ఈ కాయలు?"

"నిన్న క్యాంపుల తెంపినం. సంచెడు తెచ్చి అందరికీ పంచినం."

నేను సూరత్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాను. డాంగ్ అడవిలో కుక్‌నా ఆదివాసులు తామే నడుపుకునే క్యాంపుకు జనాన్ని పంపడం నా పని. వెదురు గుడిసెలు, రాగిరొట్టెలు, అడవిలో నడక, అన్నీ వాళ్లవే. ఆ సంపాదనతోనే పన్నెండు కుటుంబాలు చెరకు నరకడానికి వలసపోవడం మానుకున్నాయి. మనుషులు ఊళ్లో ఉండి కాపలా కాస్తున్నారు కాబట్టి టేకు దొంగలు అటు తొంగిచూడడం లేదు. సూరత్‌లో మేముండే లింబాయత్ బస్తీ పద్మశాలీల వనభోజనాలు ఈసారి అక్కడ పెట్టించింది నేనే. వాటర్ పార్కే కావాలన్న వాళ్లందరితో పోట్లాడి మరీ పెట్టించాను.

క్యాంపులో వంట చూసే జమునాబెన్ మేం బస్సు దిగగానే ఒక్కటే మాట చెప్పింది. ఊరి దేవుడి పూజ అయ్యేదాకా ఉసిరి ఎవరూ తెంపరు. కాయ ముదరాలి, జింకలు తమ వంతు తినాలి, గింజ నేల మీద పడాలి. దాన్ని నేను తెలుగులో మైకులో కూడా చెప్పాను. వింటే కదా! మావాళ్లంతా అంత్యాక్షరిలో ఉన్నారు.

"తినొద్దన్నరు. మేం తిన్నమా? శివునికే పెట్టినం," అంది అమ్మ. వాదనలో మా అమ్మను గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

అంతలో జమునాబెన్ ఫోన్ చేసింది.

"మీ అమ్మను ఆ స్టేటస్ తీసేయమను. పెద్దలు చూస్తే కష్టం."

విరిగిన కొమ్మలు తెల్లవారగానే ఊరివాళ్ల కంటపడ్డాయట. బయటివాళ్లు పూజకు ముందు చెట్టు మీద చెయ్యి వేస్తే క్యాంపు మూసేయాలని పెద్దలు మొదట్లోనే షరతు పెట్టారట. అందుకని తానే తెంపానని జమునాబెన్ ఒప్పేసుకుంది. ఇక వంట పని ఆమెది కాదు. రేపు సాయణ్ వైపు చెరకు తోటలకు వెళ్లే ట్రక్కులో భర్తతో, కూతురితో ఎక్కాలి.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే అందరం ఎక్కాలి. ఇప్పుడు మేమొక్కళ్లమే," అని పెట్టేసింది.

నాకు కాలు నిలవలేదు. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి. పక్క షెడ్డులో మగ్గాల మోత నా నెత్తిన కొడుతున్నట్టే ఉంది. నిజం చెబితే పన్నెండు ఇళ్లు, చెప్పకపోతే జమునాబెన్. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా కులసంఘం పెద్ద సోమలింగం కాకకు ఫోన్ చేశాను.

"గంత చిన్న కొమ్మకు గింత లొల్లా? ఆమెకో రెండు చీరెలు పంపుదాం తియ్, బిడ్డా," అన్నాడు. మావాళ్లకు పెళ్లికైనా చావుకైనా చీరే మందు. ఒళ్లు మండి ఫోన్ కట్ చేశాను.

అమ్మ అన్నీ వింటూనే ఉంది. స్టేటస్ తీసేసింది. పప్పు పొయ్యి మీద పెట్టింది, దించింది, మళ్లీ పెట్టింది.

"ఆమె బిడ్డ ఎంతుంటదే, సింధూ?"

"నాలుగేండ్లుంటది. నిన్న నీ ఒళ్లనే కూసుంది గదా."

అమ్మ పొయ్యి ఆర్పేసింది. "ఆ ఊరి పెద్దమనిషికి ఫోన్ కలుపు."

"నిజం చెప్తే క్యాంపు మూసేస్తరమ్మా!"

"మూస్తే పోయి కాళ్ల మీద పడత. నా పాపం ఆమె నెత్తిన పెట్టి నేను కార్తీకం చేస్తనా? కలుపు!"

కలిపాను. తెంపింది తానేనని, జమున కాదని అమ్మ వచ్చీరాని హిందీలో అరిచింది. "పేడ్ సే మైనే తోడా. జమునా నై తోడీ. మైనే!"

అవతల ముసలాయన దగ్గాడు.

"తెలుసు," అన్నాడు. "మా ఆడవాళ్లు కాయ కోస్తారు, కొమ్మ విరవరు. జమున చెప్పింది అబద్ధమని ఊరంతటికీ తెలుసు. సూరత్ నుంచి ఎవరైనా నోరు విప్పుతారేమోనని చూస్తున్నాం. సాయంత్రం దాకా విప్పకపోతే క్యాంపుకు తాళమే. ఇక అక్కర్లేదు. జమున కూడా ట్రక్కు ఎక్కక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అమ్మ మాత్రం ఫోన్ వదల్లేదు. తప్పు చెప్పుకోవడానికి పూజకు రావచ్చా అని అడిగింది. బియ్యమా, నూనెనా, కోడా, కొత్త బట్టలా, ఏం తేవాలో చెప్పమంది.

"రండి," అన్నాడాయన. "ఖాళీ చేతులతో రండి. ఖాళీ చేతులతో పొండి."

ఫోన్ పెట్టేశాక అమ్మ నా మొహంలోకి చూసింది. ఆమెను అంత దిక్కుతోచకుండా నేనెప్పుడూ చూడలేదు.

"అట్లెట్ల పోతరే?" అంది.