అదే పేరున్న ఇంకొకావిడ

పోలీసులు వచ్చేసరికి టైలరమ్మ మిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారానికి కాలరు కుడుతోంది. వచ్చింది ఇద్దరు. వాళ్లలో పెద్దాయన కాగితం విప్పి ఒక పేరు, ఒక పుట్టినతేదీ చదివాడు. రెండూ ఆవిడవే. అక్షరం తేడా లేదు.

"నేనేనండీ. ఏం కావాలి?"

"వారెంటుందమ్మా. నగల షాపులో మోసం చేసి, కోర్టుకు రాకుండా తిరుగుతున్నారట."

తన కుట్టు దుకాణం, దాని వెనక వంటగది దాటి ఆవిడ తిరిగిందే తక్కువ. "నేను కాదండీ, ఇంకెవరో అయ్యుంటారు," అంది.

"అందరూ అదే అంటారమ్మా," అన్నాడాయన, విసుగు లేకుండానే.

వంటగదిలోంచి అక్క గరిటెతో పరుగెత్తుకొచ్చేసరికి జీపు మలుపు తిరిగిపోయింది. ఎదురు షాపులవాళ్లు మాత్రం ఇంకా గుమ్మాల్లోనే ఉన్నారు.

జైల్లో అధికారి బల్ల మీద అదే కాగితం పెట్టుకుని రిజిస్టరు రాసుకుంటున్నాడు. ఆవిడ మెడ సాచి చదివింది. ఎత్తు అయిదడుగుల ఎనిమిదంగుళాలు. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. ఇరవై ఏళ్లుగా మనుషుల్ని కొలిచి బతుకుతున్న మనిషి కదా, ఆ అంకె చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"అయ్యా, నేను అయిదడుగులు కూడా లేను. ఇదిగో, చెయ్యి చూడండి. మచ్చే లేదు."

అధికారి తలెత్తలేదు. "అవన్నీ జడ్జిగారికి చెప్పుకోండి."

"ఎప్పుడొస్తారు?"

"సోమవారం."

అది శుక్రవారం.

ఆవిడ కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పింది. కాపలాకున్న ఆవిడ వచ్చి పక్కన నిలబడి చూసి, "నిజమేనమ్మా, నా భుజం దాకా కూడా రారు. కానీ రాసుకోవడం నా పని కాదు," అంది. రెండోరోజుకి, తన పేరు పిలిస్తే పలకాలో వద్దో తెలియని స్థితికి వచ్చింది టైలరమ్మ. పలికితే ఒప్పుకున్నట్టు, పలక్కపోతే పొగరన్నట్టు.

సోమవారం జడ్జి వేలిముద్రలు పోల్చమన్నాడు. పది నిమిషాల పని. కలవలేదు. చెప్పులిచ్చి పక్క గుమ్మంలోంచి పంపేశారు.

ఆలోగా స్కూలువాళ్లు యూనిఫారాలు వేరే దుకాణానికి ఇచ్చేసుకున్నారు. వీధిలో అందరూ "పొరపాటు జరిగిందట" అనేవాళ్లు. ఆ చివరి 'ట' దగ్గరే ఆవిడకి ఒళ్లు మండేది.

"వదిలేయవే. బయటపడ్డావు, అదే చాలు. మళ్లీ వాళ్లతో పెట్టుకుంటావా?" అంది అక్క.

"పెట్టుకున్నది నేనా అక్కా?"

ఆవిడ వెళ్లి కలిసిన లాయరమ్మ అంతా విని ఉన్నమాట చెప్పింది. "వారెంటు సరైనదే. పేరూ తేదీ కలిశాయి కాబట్టి, పట్టుకెళ్లినాయన నిజంగానే పొరపడ్డాడంటే కోర్టు ఒప్పుకుంటుంది. మన కేసు ఆయన మీద నిలబడదు. మీరు నోరు విప్పి చెప్పాక, జైలు అధికారి కాగితం ఎదురుగా పెట్టుకుని మూడు రోజులు చూడలేదు చూశారూ, అక్కడ నిలబడుతుంది."

"ఇద్దరి మీదా వెయ్యండి," అంది టైలరమ్మ.

ఏడాదిన్నర పట్టింది. జైలు అధికారిని బోనెక్కించిన రోజు లాయరమ్మ గొంతు పెంచలేదు.

"ఆవిడ మీకు చెప్పారా?"

"చెప్పారు."

"కాగితంలో ఎత్తు రాసుందా?"

"ఉంది."

"సరిచూడ్డానికి ఎంతసేపు పడుతుంది?"

"తలెత్తితే చాలండీ," అన్నాడాయన. కోర్టులో ఎవరూ నవ్వలేదు.

తీర్పు లాయరమ్మ చెప్పినట్టే వచ్చింది. అరెస్టు చేసినాయన తప్పు లేదు. జైలు అధికారి మాత్రం ఆవిడ హక్కుకు భంగం కలిగించాడు. నష్టపరిహారం ఇవ్వాలి.

బయట వసారాలో ఆ పోలీసు పెద్దాయన ఎదురయ్యాడు. రిటైరయ్యాడట, నలిగిన చొక్కాలో ఉన్నాడు. "మీరు లేచి నిలబడ్డప్పుడే అనుమానం వచ్చిందమ్మా. అప్పటికే చెయ్యి పట్టుకున్నాను," అన్నాడు.

ఈ మాట కోర్టులో చెప్పలేదేమని అడగబోయింది. అడగలేదు. ఆయన్ని ఏడాదిన్నరగా తిట్టుకుంటూనే ఉంది. ఇప్పుడు చూస్తే తిట్టడానికి ఓపిక చాల్లేదు. "సరేనండీ," అని మెట్లు దిగింది.

అసలావిడ దొరకలేదు. వారెంటు అలాగే ఉంది. అందుకని కోర్టు టైలరమ్మకి ఒక ధ్రువపత్రం ఇచ్చింది: ఫొటో, ఎత్తు, ఈమె ఆమె కాదు అన్న ఒక్క వాక్యం. ఊరు దాటినా, బజారుకెళ్లినా అది సంచిలో ఉండాల్సిందే.

"ఎన్నాళ్లు మోస్తావే దాన్ని?" అంది అక్క బస్సులో.

"ఆవిడ దొరికేదాకా," అంది టైలరమ్మ, కిటికీ పక్కకి జరిగి అక్కకి చోటిస్తూ.