మాస్టారు బతికించిన ఇద్దరు

భావనపాడులో మగవాళ్లు కొందరు వేటకు సముద్రం మీదికి పోతే, కొందరు పనికి మస్కట్‌కో దుబాయ్‌కో పోయారు. అందుకే సైన్సు మాస్టారు లక్ష్మీనరసింహం విజయనగరంలోని పాత పుస్తకాల కొట్టు నుంచి ఆ బొమ్మల పుస్తకం తెచ్చిన నాటి నుంచీ, ఆదివారం మధ్యాహ్నాలు ఆయన వసారాలో ఆడవాళ్లకు చోటు చాలేది కాదు. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు పుస్తకం. చెట్లనీ చేపల్నీ చుక్కల్నీ పరిశీలించడానికి ఆరుగురు పండితులు అరబ్బు దేశాలకు వెళ్లిన కథ. పేజీ తిప్పితే ఒంటెలు, ఇంకోటి తిప్పితే ఖర్జూరపు తోటలు. మొగుడు మస్కట్‌లో ఉన్న ధనలక్ష్మి ప్రతి బొమ్మలోనూ అతని గది ఎక్కడుంటుందో వెతికేది.

మాస్టారు కథ చెబుతుంటే ఎవరో ఒకరు ఊకొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది. ఆ పని తాతమ్మది. ఎండుచేపలు అమ్మి అమ్మి ఆమె గొంతు సంతలో ఈ చివర నుంచి ఆ చివరికి వినిపిస్తుంది.

మాఘంలో మాస్టారు పోయారు. కథ సగంలో ఉండిపోయింది.

ఉగాది దాటాక తాతమ్మ వచ్చి, మిగతా కథ చెప్పమని ఆయన భార్య జగదీశ్వరిని అడిగింది. జగదీశ్వరి కూడా టీచరే, లెక్కలు చెబుతుంది. సరేనని ఒప్పుకుని, ఆ వారమంతా కూర్చుని పుస్తకం చదివింది. చదివాక ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది.

మాస్టారి కథలో ఆరుగురూ కొండెక్కి కాఫీ తాగుతున్నారు. పుస్తకంలో అప్పటికే ఇద్దరు, భాషల పండితుడూ చెట్ల పండితుడూ, జ్వరంతో పోయారు. మొగుళ్లు ఆ దేశాల్లో ఉన్న ఆడవాళ్ల ముందు ఆయనకు ఆ మాట నోట రాలేదు కాబోలు. పోయినవాళ్ల చేత కొండ ఎక్కించడమే కాదు, దారిపొడుగునా హాస్యాలు కూడా ఆడించారు. తర్వాతి పేజీల్లో ఇంకా ముగ్గురు పోతారు. ఒక్కడే ఇల్లు చేరతాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయన మాట అబద్ధమవుతుంది. ఆయన లేరు, సర్దిచెప్పుకోలేరు. చెప్పకుండా దాటేయడం ఈవిడకు చేతకాదు.

ఆదివారం వసారా నిండింది. జగదీశ్వరి కాఫీ తోట బొమ్మ తీసి, "ఈ కొండ మీద..." అని ఆగిపోయింది.

"ఊ," అంది తాతమ్మ.

జగదీశ్వరి పేజీ వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పింది.

"ఊ," అంది మళ్లీ తాతమ్మ. కథ లేకుండా ఊ ఒక్కటే నడుస్తుంటే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈ కొండ మీద ఆరుగురు లేరు," అంది జగదీశ్వరి. "నలుగురే. ఇద్దరు అంతకు ముందే పోయారు. మాస్టారు మీకు చెప్పలేదు."

తాతమ్మ కొంగు సర్దుకుంది. "మాకు తెలుసమ్మా. ఆరుగురూ కాఫీ తాగారని సెప్పీవోరు, బొమ్మలో సూస్తే నలుగురే ఉన్నారు. ఆ మాత్రం లెక్క మాకు రాదేటి?"

"మరి ఊకొట్టావెందుకు?"

"ఆయన అంత కష్టపడి బతికిస్తంటే, మజ్జిలో మేం సంపీడమేటి?"

వసారా గొల్లుమంది. జగదీశ్వరికీ నవ్వు ఆగలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఇక దాచకుండా చెప్పుకొచ్చింది: ఎవరు ఎక్కడ పోయిందీ, ఆ చివరివాడు ఒంటరిగా ఏళ్ల తరబడి తిరిగి, మిగతావాళ్ల కాగితాలూ సామానూ ఎలా ఇంటికి చేర్చిందీ. ఆ సామానులో చెట్ల పండితుడు ఆకుల్లాగా కాగితాల మధ్య అదిమి ఎండబెట్టిన చేపలు కూడా ఉన్నాయని చెప్పేసరికి, ఆ ఊరి ఆడవాళ్లు ఊరుకోలేదు.

"ఉప్పెయ్యకుండానా?" అంది ధనలక్ష్మి. "కంపు కొట్టదేటి?"

"ఆ మాటకి సెట్ల పంతులు ఏటన్నాడమ్మా?" అనడిగింది తాతమ్మ.

పుస్తకంలో అతను పోయి చాలా పేజీలైంది. జగదీశ్వరి పుస్తకం మూసింది.

"ఉప్పు తేవడం మరిచిపోయానన్నాడు," అంది.