పఠన వారోత్సవాల కుర్చీలు

మా యూనివర్సిటీలో పఠన వారోత్సవాలు జరిగినన్నాళ్లూ లైబ్రరీలో కూర్చునే దిక్కు లేదు. సభ కోసం అక్కడి కుర్చీలన్నీ ఆడిటోరియానికి మోసుకుపోయారు. అడిగితే లైబ్రేరియన్ ఫోన్లోంచి తలెత్తకుండా, "వారం చదవకపోతే కొంపలేం మునగవులే బాబూ" అన్నాడు.

రోజుకో పెద్దమనిషి వచ్చి చదువు గొప్పతనం గురించి ఊదరగొట్టాడు. హాజరు తప్పనిసరి కాబట్టి మేమూ గొర్రెల్లా వెళ్లి కూర్చున్నాం.

చివరి రోజు వైస్ చాన్సలర్ గారు గొంతు బొంగురు చేసుకుని, "నిన్న లైబ్రరీకి వెళ్లాను. ఒక్కడంటే ఒక్కడు కూర్చుని చదవడం లేదు. ఏం తరమయ్యా ఇది?" అని వాపోయారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నా ముందున్న కుర్చీ వీపు మీద ఎర్ర పెయింటుతో 'లైబ్రరీ బయటికి తీసుకెళ్లరాదు' అని రాసుంది. పఠన వారోత్సవాల్లో నేను చదివింది అదొక్కటే.