కొసరుకు గడి లేదు

చైనావాడు హిమాలయాల్లో దిగితే, మా విడవలూరు సముద్రానికి కాపలాగా పటాలం దిగింది. చేపలు ఎక్కడ తిరగబడతాయోనని కాబోలు! పటాలం వెంట కాంటీను వచ్చింది. అందులో చవక సబ్బులు, టీ పొడి సిపాయిలకే అమ్మాలని రూలు. అయినా నెల తిరక్కుండానే ఊళ్ళో సగం మందికి సిపాయిలు అల్లుళ్ళూ బావమరుదులూ అయిపోయారు.

దాంతో చిల్లరకొట్టు మస్తానయ్య ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. కాంటీనుకు చింతపండు వేసే టెండరు దొరికితే కొట్టు నిలబడుతుంది, లేకుంటే మూతే. నేను బడిపంతుల్ని. ఇంగ్లీషు వచ్చిన పాపానికి ఆ టెండరు కాగితం నేనే రాసిపెట్టాను. దొరికింది కూడా.

పది బస్తాలు, బస్తాకు యాభై కిలోలు. మస్తానయ్య సరిగ్గా తూచి, ఆపైన ఒక్కో బస్తాలో రెండు దోసిళ్ళు కొసరు వేశాడు. కొసరు లేకుండా సరుకివ్వడం వాళ్ళ వంశంలో లేదు. దేశాన్ని కాచేవాళ్ళని ఇంకాస్త దండిగానే వేశాడు.

కాంటీను గుమాస్తా జయకుమార్ కాటా చూసి ముఖం చిట్లించాడు.

"యాభైన్నర ఉండాది. తూకం తేడా."

"ఎక్కువే గదన్నా. కొసరేసినా."

"తక్కువైతే కోత రాస్తాం మస్తానయ్యా. ఎక్కువ రాసేదానికి ఫారంలో గడి లేదు. ఈ అరకిలో నేను యాడ పెట్టుకోవాల?"

"తీసేస్తానుండన్నా."

"తేడా అని రాసేసినా. అయిపోయింది."

టెండరు రద్దయింది. దేశం అరకిలో గండం నుంచి గట్టెక్కింది.

కావలి కాంట్రాక్టరు రంగనాయకులుకు టెండరు దక్కింది. మర్నాడే వచ్చి మస్తానయ్య దగ్గర అవే బస్తాలు కొన్నాడు. బస్తాకు మూడు కిలోలు తీసి, తగినన్ని నీళ్ళు చిలకరించాడు. కాటా ముల్లు సరిగ్గా యాభై మీద నిలిచింది. జయకుమార్ ఆయనకు కుర్చీ వేసి టీ ఇప్పించాడు.

ఆ తర్వాతి సరుకంతా కావలి నుంచే వచ్చింది. మస్తానయ్య కొట్టు మూసేరోజున పెంచలమ్మ వచ్చింది. ఊళ్ళో సిపాయి చుట్టం దొరకని ముసలామె ఆమె ఒక్కతే.

"పావుకిలో చింతపండియ్యి అబ్బయా. కొసరు మరిచిపోయ్యేవు."

మస్తానయ్య తక్కెడ ముట్టుకోలేదు. డబ్బా బోర్లించి, మిగిలిన చింతపండంతా ఆమె కొంగులో పోశాడు.

"తూకమెయ్యవా?"

"తూకానికి కాంటీనుండాది గదవ్వా. ఇదంతా కొసరే."