మీ మర్జీ

బెంచీలు ఎంత దూరం జరిపితే మాత్రం గది పెద్దదవుతుందా? ఆ సంగతి ఆగమ్మకు తెలుసు, బడి నడిపే శారద మేడంకూ తెలుసు. అయినా పిల్లకూ పిల్లకూ మధ్య ఎడం ఉండాలని మేడం నిన్న సాయంత్రమే చెప్పింది. అందుకని ఆగమ్మ పొద్దున్నే వచ్చి, కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, మూడో తరగతి బెంచీల్ని ఒక్కొక్కటే ఈడుస్తోంది. ఇనప కాళ్లు షాబాదు బండల మీద కీచుమంటున్నాయి. మోకాళ్లు పట్టేసినప్పుడు ఆ బెంచీ మీదే కాసేపు కూలబడుతోంది. అవి చిన్నపిల్లల కొలతకు చేసినవి. కూర్చుంటే ఆమె మోకాళ్లు గడ్డం దాకా లేస్తున్నాయి.

పొట్టి మనిషి. మెడలో నల్ల తాడుకు చిన్న సిలువ. ఫినాయిలు నీళ్లల్లో నాని నాని అరచేతుల గీతలు చెరిగిపోయాయి. యాకుత్‌పురా స్టేషను వెనక సందులో, ఒక పాత ఇంటి రెండంతస్తుల్లో నడిచే ఆ ప్రైవేటు బడికి ఆమె ఆయా. ఊడ్చేదీ ఆమే, పిల్లల ముక్కులు తుడిచేదీ ఆమే, మెట్ల దగ్గర వేలాడే రైలు పట్టా ముక్కను ఇనప చువ్వతో కొట్టి గంట మోగించేదీ ఆమే. కూతురి కూతురు షారోన్ ఆమె దగ్గరే ఉండి, అదే బడిలో మూడో తరగతి ఫీజు లేకుండా చదువుతోంది. మేడం దయ అది. దయ అని మేడం ఎన్నడూ అనలేదు. ఆగమ్మే రోజూ అనుకుంటుంది.

ఆ రోజు పరీక్ష. మామూలుది కాదు. కాగితాలు సీలు వేసుకుని పై నుంచి వస్తాయి, వాటి వెంట ఒక సారూ వస్తాడు. ప్రతి ప్రశ్నకూ నాలుగు సున్నాలుంటాయి, అందులో ఒకదాన్ని పెన్సిలుతో నల్లగా నింపాలి. పిల్లలు దీనికి సున్నాల పరీక్ష అని పేరు పెట్టుకున్నారు. పాతబస్తీ బడులన్నిట్లో మూడో తరగతి వాళ్లు ఒకే రోజు రాస్తారు, తర్వాత ఏ బడి ముందుందో ఏది వెనకుందో చెబుతారు. వెనకపడితే వచ్చే ఏడు పిల్లలు చేరరు, చేరకపోతే బడికి తాళం. మేడం భయం అదీ. పిల్లతో రాయించాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టమనీ, రాయని వాళ్లను లెక్కలోకి తీసుకోరనీ ఆ పరీక్షకు ఒక నియమం ఉంది. మంచి నియమమే. పరీక్షంటే వణికిపోయే పిల్లల కోసం ఎవరో మనసున్న మనిషి పెట్టి ఉంటాడు. శారద మేడం చేతిలో అది ఏమైందో చూస్తే పాపం ఆ మనిషి ఏమనుకునేవాడో.

"వెనకపడ్డ పిల్లల ఇండ్లకు పోయి రా ఆగమ్మా," అంది మేడం నిన్న. "పంపుడు, పంపకపోవుడు మీ మర్జీ అని చెప్పు. పంపొద్దు అని మాత్రం అనకు. ఆ మాట మన నోట్లకెళ్లి రావద్దు."

"మిగిలినోళ్లకు చెప్పొద్దా మేడం?"

"వాళ్లకెందుకు? వాళ్లు రాస్తరు కదా." మేడం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. "నాకు మాత్రం సంతోషమా ఆగమ్మా?"

ఆగమ్మ పోయి చెప్పింది. 'మర్జీ' అనగానే తల్లులు తలలు వంచుకుని సరేనన్నారు. వాళ్లకు తెలియదా ఏమిటి? దుకాణంలో బేరం తెగక సేఠు 'ఆప్ కీ మర్జీ' అన్నాడంటే లేచి పొమ్మని అర్థం. ఇంటి ఓనరు కిరాయి పెంచి మీ మర్జీ అన్నాడంటే సామాను సర్దుకొమ్మని. ఆగమ్మ భర్త డానియేలు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. దగ్గు ముదిరాక ఓనరు భుజం మీద చెయ్యేసి మరీ, "ఉంటవో పోతవో నీ మర్జీ భాయ్" అన్నాడు. డానియేలు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఏడే పోయాడు. ఆ మాట ఆగమ్మ ఎన్నోసార్లు విన్నది గానీ, నిజంగా ఆమెకేం కావాలో అడగడానికి మాత్రం అది ఎప్పుడూ రాలేదు.

ఒక్క రుక్మాబాయి వేరేగా విన్నది. వాళ్లది బర్రెల కొట్టం, పాల వ్యాపారం. పేడ చేతులతోనే నిలబడి, "మర్జీ ఎవలది? మా ఆయనదా, నాదా?" అని అడిగింది. ఆగమ్మకు ఇంకా రెండిళ్లు తిరగాలి. "నీదే రుక్మా" అనేసి వచ్చేసింది.

బెంచీలయ్యాక ఆగమ్మ కిందికి దిగి గేటు తీసింది. మొదట వచ్చింది రుక్మాబాయే. పెళ్లిళ్లకు కట్టే పచ్చ చీర కట్టుకుంది. ఒక చేతిలో మూత ఉన్న స్టీలు గిన్నె, ఇంకో చేతిలో కూతురు స్వీటీ. పిల్లకు రెండు జడలు గట్టిగా బిగించి వేసింది. పిల్ల ఎదకు కొత్త పరీక్ష అట్ట హత్తుకుని ఉంది, దాని క్లిప్పుకు రెండు పెన్సిళ్లు.

ఆగమ్మ గేటు వదలకుండానే పై కిటికీ వైపు చూసింది.

"రాత్రంత సోంచాయించిన అక్కా," అంది రుక్మాబాయి. "మా మర్జీ పంపుడే. పొల్ల రాస్తనంటది." గిన్నె ఆగమ్మ చేతుల్లో పెట్టింది. "బర్రె ఈనింది. జున్నుపాలు. నీకే తెచ్చిన."

"నాకెందుకు రుక్మా..."

"ఎందుకంటవేంది? మా ఇంట్ల బర్రెనమ్మినా నన్నడగరు, కొన్నా అడగరు. దీనికి పేరు పెట్టిననాడు సుత అడగలె. నీ మర్జీ ఏంది రుక్మా అని బడి నుంచి మనిషొచ్చి అడిగిందని చెప్తే మా ఆయన నమ్మలే." నవ్వింది. పిల్ల తల నిమిరి, కొట్టంలో పనుందని గబగబా వెళ్లిపోయింది.

మేడం పై కిటికీలోంచి చూస్తూనే ఉంది. మెట్ల మీదికి వచ్చి గొంతు తగ్గించి, "చెప్పలేదా?" అంది.

"చెప్పిన మేడం. మర్జీ అనే చెప్పిన. ఆమె మర్జీ అంటే మర్జీ అనుకున్నది."

మేడం ముఖం ఎర్రబడింది. "సార్ వస్తున్నడు. ఆయన పోయేదాకా పిల్లను నీ దగ్గర కూర్చోబెట్టుకో."

వచ్చింది కదా మేడం, రాయనియ్యండి. ఆ మాట ఆగమ్మ నాలుక మీదికి వచ్చింది. అప్పుడే షారోన్ సంచి ఊపుకుంటూ పక్కనుంచి మెట్లెక్కిపోయింది. ఆగమ్మ నోరు మూసుకుంది.

మెట్ల కింద సామాన్ల గది. చీపుర్లు, ఫినాయిలు సీసాలు, జెండా పండగకు వాడే డ్రమ్ము, సొట్టపోయిన గ్లోబు. స్వీటీని అక్కడ ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కనే జున్నుపాల గిన్నె పెట్టి, ఆగమ్మ పోయి గంట కొట్టింది. పరీక్ష మొదలైంది. తిరిగి వచ్చేసరికి పిల్ల అట్ట ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది.

"ఆయమ్మా, నన్నెప్పుడు పిలుస్తరు?"

"పిలుస్తరు బిడ్డా. కూసో."

ఇట్లాంటి అబద్ధం చెప్పిన నోటితోనే ఆదివారం చర్చిలో పాట పాడాలి కదా అనుకుంది ఆగమ్మ. ఊరికే ఉండలేక చీపురు పుల్లలు సర్దసాగింది. స్వీటీ గిన్నె మూత మీద చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టి చదువుతోంది.

"రు..." చాలాసేపు ఆగింది. "క కింద మ ఒత్తు ఉన్నది ఆయమ్మా. గందుకే లేటయితది. రు-క్మా. రుక్మాబాయి. మా అమ్మ పేరు." తలెత్తి చూసింది. "నాకొస్తది. జర లేటయితది, గంతే."

ఆగమ్మకు ఆ పాటి కూడా రాదు. ఆ గిన్నె మీద ఉన్నది పేరో పువ్వో ఆమెకు తెలియదు. "మంచిగ చదివినవ్" అంది. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. పైన పిల్లలు సున్నాలు దిద్దుతున్నారు. గది పైకప్పు మీద సారు బూట్లు అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు లేచి పిల్ల చెయ్యి పట్టుకుని పైకి పోతే ఎవరు ఆపుతారు? సారు చూస్తుండగా మేడం కూడా ఆపే వీల్లేదు. తర్వాత షారోన్ సంగతి? ఆగమ్మ లేవలేదు. లేవలేదన్న సంగతి ఆమె మోకాళ్ల మీద నెట్టడానికి కూడా లేదు, అవి ఆ పూట బాగానే ఉన్నాయి.

చివరికి పైనుంచి మేడం సైగ చేసింది. ఆగమ్మ పోయి గంట కొట్టి వచ్చింది.

"అయిపోయిందా?" అంది స్వీటీ.

"కాగితాలు కమ్ పడ్డయి బిడ్డా."

పిల్ల కాసేపు ఆలోచించింది. "అవును, మస్తు మంది ఉన్నరు గదా," అంది, ఆగమ్మ తరఫున తనే ఒక కారణం వెతికి ఇస్తున్నట్టుగా. తర్వాత అట్టను సంచిలో పెట్టుకుంటూ, "అమ్మకు చెప్పకు ఆయమ్మా. ఫికర్ చేస్తది. రాసిన అని చెప్త," అంది.

సాయంత్రం గేటు దగ్గర రుక్మాబాయి అదే పచ్చ చీరలో నిలబడి ఉంది. "ఎట్ల రాసినవ్?" అనడిగితే స్వీటీ "మంచిగ" అంది. రుక్మాబాయి ఆగమ్మ వైపు చూసి నవ్వింది. అంతటితో అయిపోయేదే. ఇంతలో షారోన్ దూకుతూ వచ్చింది.

"స్వీటీ, నువ్వెందుకు రాలే పరీక్షకు? నీ జాగ ఖాళీగనే ఉండె."

స్వీటీ తల వంచుకుంది. రుక్మాబాయి కూతురిని చూసింది, తర్వాత ఆగమ్మను చూసింది. కాగితాలు కమ్ పడ్డయని చెప్పడానికి ఆగమ్మ నోరు తెరిచింది. పక్కనే షారోన్ ఉంది. మాట రాలేదు. ఆ మాట రాకపోవడమే రుక్మాబాయికి అంతా చెప్పేసింది.

ఆమె అరవలేదు. సందులో జనం ఉన్నారు, ఆటోలు హారన్లు కొడుతున్నాయి. గొంతు బాగా తగ్గించి, "పంపొద్దని సాఫ్‌గ చెప్పొద్దా అక్కా? ఇంట్లనే ఉంచుకుంటుంటి," అంది. "నేను నిజంగనే అడిగిండ్రనుకున్న."

పిల్ల చెయ్యి పట్టుకుని కదిలింది. నాలుగడుగులు పోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

"రేపటి సంది రాదు. మీ మేడంకు చెప్పు. గిది మాత్రం నా మర్జీ."

"రుక్మా, గిన్నె..."

రుక్మాబాయి తిరిగి చూడలేదు. పచ్చ చీర, రెండు జడలు గాజుల బండి పక్కగా పోయి మలుపు తిరిగాయి.

మేడంకు చెబితే, "లొల్లి చేసిందా?" అనడిగింది.

"లేదు మేడం. చేస్తే మంచిగుంటుండె."

మేడం బల్ల మీద కాగితాలు ఒకసారి అటు సర్ది, ఒకసారి ఇటు సర్దింది.

ఇంటికి పోయి ఆగమ్మ ఆ పాలల్లో బెల్లం, యాలకులు వేసి ఆవిరి మీద జున్ను చేసింది. పారబోద్దామనే అనుకుంది, చేతులు రాలేదు. షారోన్ వేళ్లు నాకుతూ తిన్నది. "ఇంకొంచెం పెట్టు అమ్మమ్మా" అంది. పెట్టింది. ఆగమ్మ ముక్క కూడా నోట పెట్టలేదు.

గిన్నె తోమి గూట్లో పెట్టింది. ఇచ్చిన గిన్నె ఖాళీగా వాపసు పంపకూడదు. గుప్పెడు చక్కెరో, నాలుగు బియ్యపు గింజలో వేసి పంపాలి. వాళ్లమ్మ నేర్పిన మర్యాద అది, ఇన్నేళ్లలో ఎన్నడూ తప్పలేదు. మర్నాడు చక్కెర పోసింది. చూస్తే సిగ్గేసి మళ్లీ డబ్బాలోకి వంపింది. ఆ ఆదివారం బియ్యం పోసింది, అవీ తీసేసింది. ఆ ఇంటికి ఏం పట్టుకుపోవాలి, ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

బడికి ర్యాంకు మంచిదే వచ్చింది. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. కింద స్టూలు పట్టుకుని నిలబడింది ఆగమ్మే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి గూట్లో చెయ్యి పెట్టి, మూత మీది అక్షరాల మీద వేలు నడిపింది. మొదటిది రు అట. దాని పక్కన క, దాని కింద మ ఒత్తు.

గిన్నె ఇంకా ఆ గూట్లోనే ఉంది, ఖాళీగా, మూత పెట్టి.