ఎడమకు ఒరిగిన గులాబీ

మధ్యాహ్నం మూడూ ఇరవైకి, కచ్చాకుట్టు విప్పి లేసును ఇవతలికి తిప్పేసరికి, పర్సు మీది ఏడు గులాబీల్లో ఒకటి నేను అల్లింది కాదని తేలింది, ఆరింటి రేకులు కుడికి ఒరిగాయి, మూలనున్న దాని రేకులు ఎడమకు ఒరిగాయి, ఈ ఇంట్లో ఎడమచేత్తో క్రోషే అల్లేది ఒక్కతే, నా ఆడపడుచు, మా అత్తగారి నోట పుర్రచేతి పిల్ల, ఐదింటికి కుట్టు బడి పెద్ద టీచరు వస్తుంది, మా ఇద్దరి పర్సులూ చూస్తుంది, ఉన్నది ఒక్కటే ఉద్యోగం, పనంతా ఒకే చేతిది కావాలి, రెండో చెయ్యి కనిపిస్తే పర్సు పక్కన పెట్టేస్తానని ముందే చెప్పింది, ఆ మాట అన్నప్పుడు ఇది నా పక్కనే కూర్చుని తలూపింది.

ఎప్పుడు మార్చింది, సోమవారమే, ఐరిష్ లేసులో పువ్వులు విడివిడిగా అల్లి నమూనా గుడ్డ మీద బోర్లా పరుస్తాం, పిన్నులు గుచ్చి, కచ్చాకుట్టు వేసి, మధ్య ఖాళీలు వలతో నింపుతాం, పని అయ్యేదాకా కనిపించేది వీపే, వీపు వైపు నుంచి ఏ గులాబీ అయినా ముడుల కుప్పే, ఆదివారం తడి ఆరని గుడ్డ మీద పిన్నులు గుచ్చింది నేనే, సోమవారానికి జ్వరం, నువ్వు పడుకో వదినా, కచ్చాకుట్టే కదా, నేను లాగించేస్తాలే, ఎలాగూ విప్పేసేదే అంది, తను తాగిన కప్పు తను కడగని మనిషి, అప్పుడే అనుకోవాల్సింది, పైగా ఈ పిన్నులెక్కడివి వదినా, మా తాతగారి పెళ్లినాటివా అని నవ్వింది, నా పిన్నుల సంగతి నీకెందుకమ్మా అన్నాను, తర్వాత మూడు రోజులు నా చేత్తో నేనే దాని గులాబీ చుట్టూ వల అల్లాను, ఇప్పుడు తీసేద్దామన్నా దారం లేదు, బడివాళ్లు ఒక్కొక్కరికి ఒక్కటే ఉండ ఇచ్చారు, నాది మూరెడు మిగిలింది.

వదినా, లైనింగ్ కుట్టావా, టీచరు వచ్చే టైమవుతోంది అని పెరట్లోంచి కేక, కుడుతున్నా, నీదైపోయిందిగా అన్నాను, ఆఁ, అయినట్టే అంది, అయినట్టే అంటే ఏమిటి, ఈయనతో చెబితే ఎవరికొస్తే ఏంటే, ఇద్దరూ మనింటివాళ్లేగా అంటారు, చెల్లెలు కదా, మూడు రోజులుగా వంటింట్లో నిమ్మకాయలు మాయమవుతున్నాయి, మొహానికి రాసుకుంటోంది, టీచరు ముందు మెరవాలిగా, ఇంతకీ నా గులాబీ ఏం చేసినట్టు, తన పర్సుకు పెట్టుకుందా, పెట్టుకుంటే దాని పర్సులోనూ రెండు చేతులుంటాయి, టీచరుకు చూపించి ఇద్దరం పోదాం, అని లేచాను.

దాని గది తలుపు వేసి లేదు, మంచం మీద పర్సు ఉంది, లైనింగ్ పచ్చ శాటిన్, కుట్టు సన్నంగా, ఎక్కడా ముడత లేదు, గులాబీలు లెక్కపెట్టాను, అన్నీ ఎడమకే ఒరిగాయి, ఆరే ఉన్నాయి, మళ్లీ లెక్కపెట్టాను, ఆరే, ఏడోదాని చోట వల మధ్య బొక్క, అందులోంచి పచ్చ శాటిన్ కనిపిస్తోంది, పక్కన దాని దారపు ఉండ, అట్టగొట్టమే మిగిలింది.

కిటికీ గట్టు మీద పళ్లెం, అందులో పిండేసిన నిమ్మచెక్కలు నాలుగు, వాటి పక్కన రేకులు కుడికి ఒరిగిన గులాబీ, తడిగా ఉంది, దాని నడిమధ్య పిన్ను గుచ్చిన చోట తుప్పు మరక.